టోక్యో దించేసిన రైళ్లు జకార్తాను ఎలా మోశాయి

జకార్తాలో లోకల్ రైలు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి కాస్త తలెత్తి చూస్తే, కొన్ని బోగీల్లో అరచేయంత స్టీలు పలక ఒకటి కనిపిస్తుంది. దాని మీద జపాన్ అక్షరాల్లో తయారుచేసిన కంపెనీ పేరు, తయారైన సంవత్సరం. బయట ఎర్రరంగు పూశారు, లోపల ఇండోనేషియా భాషలో కొత్త స్టిక్కర్లు అంటించారు, కానీ ఆ పలకను మాత్రం పీకకుండా వదిలేశారు. అంటే ఈ బోగీ పాతికేళ్లో ముప్పై ఏళ్లో టోక్యో చుట్టుపక్కల ఆఫీసు జనాన్ని మోసి, అక్కడ ఇక చాలనిపించుకుని, ఓడెక్కి ఇక్కడ దిగి, మళ్లీ తెల్లారకముందే డ్యూటీ ఎక్కిందన్నమాట. ఇలాంటివి పదో ఇరవయ్యో అనుకుంటే పొరపాటే. 2000 నుంచి 2020 దాకా ఇరవై ఏళ్లపాటు జకార్తా లోకల్ రైళ్లు ఇలా వచ్చిన పాత బండ్ల మీదే పెరిగాయి. ఒక్క 205 సిరీస్ అనే రకంలోనే 800కు పైగా బోగీలు సముద్రం దాటి వచ్చాయి.

సెకండ్ హ్యాండ్ రైలు అనగానే కొందరికి వాళ్లు పారేసింది మనకెందుకు అని రోషం వస్తుంది, ఇంకొందరికి చవగ్గా వస్తోంది కదా తెచ్చేద్దాం అని ఆశ పుడుతుంది. జకార్తాలో జరిగింది దగ్గరగా చూస్తే ఈ రెండు మాటలూ అసలు విషయాన్ని పట్టుకోలేవని అర్థమవుతుంది. పాత రైలు పరాయి దేశంలో బతకాలంటే ముందు పట్టాలు కలవాలి, కరెంటు కలవాలి. అవి కలిశాక షెడ్డులో దాన్ని విప్పి బిగించడం తెలిసిన చేతులుండాలి, విడిభాగాలు ఆగకుండా వస్తుండాలి. చివరి రెండూ ఉంటే నలభై ఏళ్ల బండి కూడా టైముకు నడుస్తుంది. అవి లేకపోతే నిన్న కొన్న కొత్త బండి కూడా మూలపడుతుంది.

ముందు పట్టాల సంగతి. బస్సునైతే ఏ దేశంలో దించినా డీజిల్ పోస్తే రోడ్డు మీద పరిగెడుతుంది, రైలుకు అలా కుదరదు. జపాన్‌లో మామూలు రైలు మార్గాల వెడల్పు 1067 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర అడుగులు. జావా దీవిలోనూ సరిగ్గా అంతే. టోక్యో చుట్టుపక్కల లోకల్ రైళ్లకు పైనున్న తీగలో 1500 వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది, జకార్తాలోనూ అదే. మన దగ్గర ఎందుకు కుదరదో చూస్తే ఇది ఎంత అరుదైన సంగతో తెలుస్తుంది. సికింద్రాబాద్, లింగంపల్లి మధ్య తిరిగే ఎంఎంటీఎస్ పట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు, పైన తీగలో 25,000 వోల్టుల ఏసీ కరెంటు. జపాన్ బండిని ఉచితంగా ఇస్తామన్నా ఇక్కడ నిలబెట్టడానికి పట్టాలే లేవు. ముంబై లోకల్ రైళ్లు చాలా ఏళ్లు 1500 వోల్టుల డీసీ మీదే నడిచాయి, అంటే కరెంటు కలిసింది, అయినా పట్టాల దగ్గర రెండడుగుల తేడా.

ఈ కలయిక వెనక ఎవరూ కూర్చుని వేసిన ప్లాన్ లేదు. జపాన్‌లో మొదటి రైలు మార్గం షింబాషి, యొకొహామా మధ్య 1872లో మొదలైంది, ఖర్చు తగ్గుతుందని సన్న గేజ్ పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాది 1873లో డచ్చి వాళ్లు బటావియా నుంచి బ్యూటెన్‌జోర్గ్ దాకా, అంటే నేటి జకార్తా నుంచి బోగోర్ దాకా వేసిన మార్గానికీ అదే కొలత. జావాలో మొట్టమొదట వేసిన సెమరాంగ్ మార్గం మాత్రం 1435 మిల్లీమీటర్ల వెడల్పుది. రెండో ప్రపంచ యుద్ధంలో జావాను ఆక్రమించిన జపాన్ సైన్యం ఆ ప్రాంతంలో ఉన్న వెడల్పు పట్టాలను కూడా 1067కు మార్చేసింది. ఇక కరెంటు రైలు 1925లోనే వచ్చింది, తాంజుంగ్ ప్రియోక్ రేవు నుంచి నేటి జతినెగర దాకా, 1500 వోల్టుల డీసీతో. తర్వాత కొన్ని దశాబ్దాలు ఆ వ్యవస్థ బాగా దెబ్బతింది. 1976లో జపాన్ నుంచి కొత్త కరెంటు రైళ్లు వచ్చాకే మళ్లీ ఊపిరి పోసుకుంది. అంటే పాత బండ్లు రాకముందే అక్కడి మెకానిక్కులకు జపాన్ బండ్లు అలవాటు.

మరి జపాన్ వాళ్లు నడుస్తున్న రైళ్లను ఎందుకు వదిలేస్తారు? పాడైపోయి కాదు, ఎక్కువ సార్లు చుట్టూ ఉన్న వ్యవస్థ మారిపోవడం వల్ల. టోక్యోలో తోయేయి సంస్థ నడిపే మితా లైన్‌నే తీసుకుంటే, 2000 ప్రాంతంలో అక్కడ ప్లాట్‌ఫారం అంచున తలుపులు పెట్టారు, సిగ్నలింగ్ మారింది, పక్క కంపెనీ లైన్‌తో నేరుగా కలిపేశారు. దాంతో ఆ లైన్‌లో 1968 నుంచి తిరుగుతున్న 6000 సిరీస్ బండ్లకు అక్కడ చోటు లేకుండా పోయింది. కొన్నిచోట్ల కరెంటు బిల్లు కారణం. కొత్త మోటార్లున్న రైలు చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది, రోజుకు వందల ట్రిప్పులు వేసే కంపెనీకి ఆ తేడా పెద్దదే. పైగా 1990ల్లో టోక్యో చుట్టుపక్కల లోకల్ రైళ్లు నడిపే పెద్ద కంపెనీ జేఆర్ ఈస్ట్ ఆలోచనా విధానమే మారింది. 209 సిరీస్ అనే రకం దగ్గర నుంచి బరువు సగం, ఖర్చు సగం, ఆయుష్షు సగం అనే లెక్క మొదలుపెట్టారు, నలభై ఏళ్లు మరమ్మతు చేస్తూ కూర్చునే బదులు త్వరగా మార్చేసుకోవడమే మేలని. అంతకుముందు 1985లో వచ్చిన 205 సిరీస్ ఆ లెక్కకు ముందుతరం బండి. స్టెయిన్‌లెస్ స్టీలు శరీరం, తుప్పు పట్టదు, నిర్మాణం సాదాగా ఉంటుంది. జకార్తాకు సరిగ్గా సరిపోయింది ఇదే. (జపాన్ లోపల కూడా ఈ చేతులు మారడం మామూలే. నగానో లాంటి చోట్ల చిన్న రైల్వే కంపెనీలు టోక్యో పాత బండ్లతోనే నడుస్తాయి. జకార్తా ఒక రకంగా ఆ వరసలో ఇంకాస్త దూరంగా ఉన్న ఊరు.)

2000లో ఆ మితా లైన్ బోగీలు 72 సహాయం కింద ఇండోనేషియాకు వచ్చాయి. వాటిలో బోగీని చల్లబరిచే ఏసీ ఉంది. ఏసీ అన్న ఒక్క మాటతో ఏం మారిందో ఊహించాలంటే అప్పటి జకార్తా ఎకానమీ లోకల్‌ని తలుచుకోవాలి. తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, అవి మూసుకోవడం మానేసి ఏళ్లయింది. లోపల ఫ్యాన్లు తిరగవు. లోపల చోటు దొరక్క, కొందరు టికెట్ తప్పించుకోవడానికి, కొందరు గాలి కోసం బోగీ పైకెక్కి కూర్చుంటారు, నెత్తిమీద జానెడు దూరంలో 1500 వోల్టుల తీగ. పైకప్పు మీద ప్రయాణించే వాళ్లకు ఆ ఊళ్లో అతపెర్ అని ఒక పేరే పుట్టింది. వాళ్లను దించడానికి రైల్వే చేయని ప్రయత్నం లేదు, రంగు నీళ్లు చిమ్మారు, 2012 జనవరిలో బెకాసి దగ్గర పట్టాల మీదుగా కాంక్రీటు గుండ్లు వేలాడదీశారు, పైన కూర్చున్న వాడి తలకు తగిలేలా. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అదంతా చేసినా పైకెక్కడం ఆగలేదు, ఎందుకంటే కింద చోటు లేదు కదా.

ఆ రోజుల్లోనే యూరప్ సాంకేతికతతో ఇండోనేషియాలో కూర్చిన కొత్త కరెంటు రైళ్లు కూడా ఉన్నాయి, హోలెక్ రైళ్లు అంటారు. వయసులో అవి జపాన్ బండ్ల కంటే చాలా చిన్నవి. అయినా తరచూ మొరాయించేవి, విడిభాగాలు దొరకడం కష్టమై ఒకదాన్ని విప్పి ఇంకోదానికి బిగించే స్థితికి వచ్చాయి. తర్వాతి నిర్ణయాలన్నింటికీ పునాది ఈ అనుభవమే. షెడ్డులో వాళ్లకు పాతదా కొత్తదా అన్నది తర్వాతి ప్రశ్న, ఇది పాడైతే ఎవరు బాగుచేస్తారు, ముక్క ఎక్కడి నుంచి వస్తుంది అన్నదే ముందు.

2004లో జేఆర్ ఈస్ట్ 103 సిరీస్, ఆ తర్వాత టోక్యోలోని ఇంకో రైలు కంపెనీ తొక్యూ 8000, 8500 రకాలు, టోక్యో మెట్రో 5000, 6000, 7000 రకాలు, 2011లో జోబాన్ లైన్‌లో తిరిగిన 203 సిరీస్, ఇలా వరసగా వచ్చాయి. రావడం అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూడాలి. జపాన్ రేవులో 20 మీటర్ల బోగీని క్రేన్‌తో లేపి ఓడలో పెడతారు, తాంజుంగ్ ప్రియోక్‌లో మళ్లీ క్రేన్‌తో దించి పట్టాల మీద కూర్చోబెడతారు, అక్కడి నుంచి డీజిల్ ఇంజన్ లాక్కుని షెడ్డుకు తీసుకెళ్తుంది. సొంతంగా నడవగలిగే కరెంటు రైలు కొత్త ఊళ్లో మొదటి ప్రయాణం ఇంకొకరు లాగితే చేస్తుంది. షెడ్డులో డ్రైవరు అద్దం ముందు ఇనుప జాలీ బిగిస్తారు, ఎందుకంటే ఇక్కడ పట్టాల పక్కనుంచి రాళ్లు విసురుతారు, జపాన్‌లో ఆ బాధ లేదు. ముందు భాగంలో అడ్డొచ్చిన వాటిని నెట్టేసే ఇనుప కవచం పెడతారు, ఎందుకంటే ఇక్కడ లెవెల్ క్రాసింగులు ఎక్కువ. తలుపుల కింద మెట్టు బిగిస్తారు. టోక్యోలో ప్లాట్‌ఫారం, బోగీ నేల ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి ఆ బోగీకి మెట్టు అవసరమే రాలేదు. జకార్తాలో చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫారం మోకాలెత్తు కింద ఉండేది. అలాంటి చోట తలుపులు ఆగే దగ్గర బంచిక్ అనే చిన్న మెట్ల పీటలు వేసేవారు, బిడ్డను చంకనెత్తుకున్న అమ్మ, కర్ర పట్టుకున్న పెద్దాయన అందరూ దాని మీదుగానే ఎక్కాలి. ప్లాట్‌ఫారాలు ఎత్తు పెంచడం తర్వాత ఏళ్లపాటు సాగింది. రైలు చవగ్గా రావచ్చు, దాని కొలతకు ఊరిని సర్దడం చవక కాదు.

అసలు మలుపు 2013. అంతకు నాలుగేళ్ల ముందు రైల్వే సంస్థ పగ్గాలు పట్టిన ఇగ్నేషియస్ జోనన్ హయాంలో ఆ ఏడాది జులైలో కార్డు టికెట్లు వచ్చాయి, ఏసీ లేని ఎకానమీ రైళ్లను పూర్తిగా ఎత్తేశారు. తలుపులు మూసుకుంటేనే బండి కదులుతుంది, స్టేషన్‌లోకి కార్డు చూపించకుండా రాలేరు, పైకప్పు ప్రయాణం దానంతటదే తగ్గిపోయింది. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. స్టేషన్లలో ఏళ్ల తరబడి చిన్న దుకాణాలు పెట్టుకున్న వాళ్లను ఖాళీ చేయించారు, కొన్నిచోట్ల వాళ్ల తరఫున విద్యార్థులు కూడా అడ్డుపడ్డారు, అయినా కూల్చేశారు. చార్జీ మాత్రం తక్కువే ఉంచారు. తర్వాత స్థిరపడిన లెక్క ప్రకారం మొదటి 25 కిలోమీటర్లకు 3,000 రూపియా, ఆపై ప్రతి 10 కిలోమీటర్లకు 1,000. బోగోర్ నుంచి జకార్తా కోటా స్టేషన్ దాకా 50 కిలోమీటర్లకు పైగా దూరానికి 6,000 రూపియా, మన డబ్బుల్లో 35 రూపాయల లోపే. మిగతాది ప్రభుత్వ సబ్సిడీ. ఇంత తక్కువ చార్జీతో నడిచే సంస్థ వందల కొద్దీ కొత్త బోగీలు ఒకేసారి కొనలేదు, రోజూ పెరిగే జనాన్ని ఆపనూలేదు. ఆ సందులోకి సరిగ్గా అదే సంవత్సరం 205 సిరీస్ వచ్చింది.

టోక్యో ప్రాంతంలోని లైన్ల నుంచే, 2013లో సైక్యో లైన్ నుంచి, 2014 నుంచి యొకొహామా లైన్, తర్వాత నంబు లైన్, చివరికి 2020 దాకా ముసాషినో లైన్ నుంచి బండ్లు దిగుతూనే ఉన్నాయి. నంబు లైన్ రైళ్లు ఆరేసి బోగీలవి, రెండేసి కలిపి 12 బోగీల రైలు చేశారు. పక్కకు నాలుగు తలుపుల చొప్పున 12 బోగీలంటే ఒకేసారి 48 తలుపులు తెరుచుకుంటాయి, మంగరాయ్ లాంటి జంక్షన్‌లో జనం నిమిషంలోపు దిగి ఎక్కగలిగేది అందుకే. అయితే 205 వల్ల వచ్చిన అసలు లాభం బండి లోపల కనపడదు, షెడ్డులో కనపడుతుంది. అంతకుముందు పది రకాల బండ్లు, ఒక్కోదాని మోటారు నియంత్రణ ఒక్కో పద్ధతి, ఒక్కోదానికి వేరే బ్రేకు ముక్క, వేరే తలుపు యంత్రం. దొరికినప్పుడు దొరికింది తెచ్చుకుంటే వచ్చే తలనొప్పి ఇదే. 800కు పైగా బోగీలు ఒకే రకం అయ్యాక డెపోక్ షెడ్డులో, మంగరాయ్ వర్క్‌షాప్‌లో పని తీరే మారిపోయింది, ఒకరికి నేర్పింది అందరికీ పనికొస్తుంది, ఒక పెట్టెలోని ముక్క ఏ బండికైనా సరిపోతుంది. దాంతోపాటు జేఆర్ ఈస్ట్ తన మనుషులను జకార్తా పంపింది, ఇక్కడి వాళ్లకు శిక్షణ ఇచ్చింది, విడిభాగాలు సమకూర్చింది. ఇనుముతో పాటు పనితనం కూడా ఓడెక్కడం వల్లే ఈ ఏర్పాటు నిలబడింది. మిగతా దేశాలు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే.

పాత రైళ్లే ప్రమాదాలకు కారణం అన్న వాదన కూడా ఉంది, అందుకే రెండు ఘటనలు చెప్పుకోవాలి. 2013 డిసెంబర్ 9న బింతారో దగ్గర లెవెల్ క్రాసింగ్‌లో ఆగిపోయిన పెట్రోలు ట్యాంకర్‌ను టోక్యో మెట్రో 7000 రకం రైలు ఢీకొంది. మంటలు లేచాయి, ఏడుగురు చనిపోయారు, వాళ్లలో డ్రైవరు, ఆయన సహాయకుడు, టెక్నీషియన్ ఉన్నారు. 2015 సెప్టెంబర్‌లో జువాండా స్టేషన్‌లో ఆగి ఉన్న 205 రైలును వెనక నుంచి ఇంకో 205 ఢీకొంది, పదుల మంది గాయపడ్డారు. మొదటిదాంట్లో రోడ్డు, పట్టాలు ఒకే ఎత్తులో కలుసుకోవడం అసలు జబ్బు. రెండోదాంట్లో వెనక బండిని ముందే ఆపాల్సిన రక్షణ పనిచేయకపోవడం. టోక్యోలో అదే బండికి సిగ్నల్ దాటితే తనంతట తాను ఆపేసే వ్యవస్థ కాపలా ఉండేది. బండి ఒక్కటే వలస వచ్చింది, ఆ కాపలా అక్కడే ఉండిపోయింది. చనిపోయిన వాళ్ల పక్షాన నిలబడి అడగాల్సిన ప్రశ్న బోగీ వయసు గురించి కాదు, దీని గురించే.

బయట వేరే ఊళ్లను చూస్తే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో భూగర్భ రైలు బి లైన్‌కు పైన తీగ బదులు పక్కన మూడో పట్టా నుంచి 600 వోల్టులు వస్తాయి. టోక్యోలో మరునౌచి లైన్‌కూ అంతే, పట్టాల వెడల్పు కూడా రెండుచోట్లా 1435. అందుకే 1990ల మధ్యలో ఆ లైన్ పాత బోగీలు 131 కొనుక్కున్నారు, ఎర్రరంగు మీద తెల్లపట్టీ, అందులో వెండి అల గీతతో భూగోళం అవతలి వైపున రెండు దశాబ్దాలు తిరిగాయి. 2016లో టోక్యో మెట్రో వాటిలో నాలుగింటిని తిరిగి కొని ఇంటికి తెచ్చుకుంది, తమ దగ్గర చెరిగిపోయిన పాత పనితనాన్ని వాటిని బాగుచేస్తూ కొత్త తరం ఉద్యోగులు నేర్చుకోవడానికి. అమ్మేసిన బండి పాఠ్యపుస్తకమై తిరిగి రావడం ఎంత బాగుంది!

అదే ఊళ్లో అదే లైన్ ఇంకో పాఠం కూడా చూసింది. 2011లో మాడ్రిడ్ మెట్రో నుంచి స్పెయిన్ కంపెనీ సీఏఎఫ్ తయారుచేసిన 5000 రకం బోగీలు 36 కొన్నారు. తర్వాత 6000 రకం కొంటే, అవి పైన తీగ నుంచి కరెంటు తీసుకునే బండ్లు, మూడో పట్టాతో నడిచే లైన్‌లో వాటి కోసం పైన కూడా కరెంటు ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. ఇక 5000 రకం భాగాల్లో ఆస్బెస్టాస్ ఉందని 2018లో బయటపడింది. ఊపిరితిత్తులను తినేసే ఆ పొడి మధ్య బండ్లు విప్పి బిగించింది షెడ్డు కార్మికులు. కొనేటప్పుడు ధర చూశారు, పట్టాల వెడల్పు చూశారు, లోపల గోడల వెనక ఏముందో చూడలేదు. పాత బండి కొనే ప్రతి సంస్థా మొదట అడగాల్సిన కాగితం ఇదే, ఇక్కడ చవకకు చోటు ఇవ్వకూడదు.

మయన్మార్‌లో యాంగోన్ చుట్టూ తిరిగే వలయ రైలుకు కూడా జపాన్ పాత డీజిల్ బండ్లు వెళ్లాయి. అక్కడ పట్టాలు మీటర్ గేజ్, అంటే 1000 మిల్లీమీటర్లు, కాబట్టి చక్రాలను ఒక్కో వైపు మూడున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువగా లోపలికి జరపాలి. చిన్న పనిలా వినిపిస్తుంది గానీ ప్రతి ఇరుసు విప్పి చేయాలి. మన మీటర్ గేజ్ ఇంజన్లకైతే ఆ బాధ లేదు. దేశమంతా బ్రాడ్ గేజ్ అవుతున్న కొద్దీ ఇక్కడ పని లేకుండా పోయిన వైడీఎం4 ఇంజన్లు మయన్మార్ వెళ్లి పనిచేశాయి. బంగ్లాదేశ్‌కు 2020 జులైలో 10, 2023 మేలో 20 బ్రాడ్ గేజ్ డీజిల్ ఇంజన్లు ఇక్కడి నుంచే వెళ్లాయి. మనం కరెంటు వైపు మారడంతో మిగిలిన ఇంజన్లు అవి, పట్టాలు ఒకే వెడల్పు కాబట్టి సరిహద్దు దాటి నేరుగా నడిచి వెళ్లాయి.

తాజా కథ పెరూది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోసే మధ్య నడిచే కాల్‌ట్రెయిన్ 2024 సెప్టెంబర్‌లో పూర్తిగా కరెంటుకు మారింది. ఆ దారిలో సిలికాన్ వ్యాలీకి ఉద్యోగాలకెళ్లే తెలుగువాళ్లు చాలామందికి ఆ పాత రెండంతస్తుల వెండి బోగీలు బాగా గుర్తుండే ఉంటాయి, మధ్యలో ఖాళీ ఉండి పైవరసలో ఒంటరి సీట్లు. వాటిలో పాతవి 1980ల్లో జపాన్‌లోని నిప్పన్ షార్యో తయారుచేసినవే. 90 బోగీలు, 19 డీజిల్ ఇంజన్లు కలిపి 63.2 లక్షల డాలర్లకు లీమా నగరానికి అమ్మారు. పట్టాల వెడల్పు కలుస్తుంది, డీజిల్ కాబట్టి తీగలు అక్కర్లేదు, బోగీలకే మెట్లున్నాయి కాబట్టి ఎత్తు ప్లాట్‌ఫారాలూ అక్కర్లేదు, కాగితం మీద అన్నీ కుదిరాయి. 2025లో బండ్లు లీమా పక్కన కయావో రేవులో దిగాయి. అక్కడి నుంచి అసలు పని, స్టేషన్లు కట్టాలి, లెవెల్ క్రాసింగులు సరిచేయాలి, సరుకు రైళ్లు నడుస్తున్న పట్టాల మీద ప్రయాణికుల రైళ్లకు అనుమతి తెచ్చుకోవాలి. నగరపాలక సంస్థకూ కేంద్ర ప్రభుత్వానికీ మాట కలవకపోవడంతో టెన్షన్ అంతా ఆ అనుమతుల దగ్గరే మొదలైంది. బోగీ కొనడం ఈ మొత్తంలో అన్నింటికన్నా తేలికైన భాగం.

మళ్లీ జకార్తాకు వస్తే, ఇరవై ఏళ్లు నడిచిన ఏర్పాటు 2023లో ఆగిపోయింది. నిర్వాహక సంస్థ కేసీఐ లెక్క ప్రకారం 2023లో 10 రైళ్లు, 2024లో 19 రైళ్లు పక్కన పెట్టాలి, వాటి స్థానంలో జపాన్ నుంచి ఈ217 (E217) అనే రకం బోగీలు 348 తెద్దామని అడిగింది. పరిశ్రమల శాఖ ఒప్పుకోలేదు, దేశంలో మడియున్ ఊళ్లో సొంత రైలు ఫ్యాక్టరీ ఇన్‌కా ఉండగా పాత సామాను దిగుమతి ఏంటని. ప్రభుత్వ ఆడిట్ సంస్థ కూడా వద్దనే చెప్పింది. జూన్‌లో మంత్రి లుహుత్ పంజైతాన్ తుది నిర్ణయం ప్రకటించారు, పాత రైళ్లు ఇక రావు, మూడు కొత్త రైళ్లు దిగుమతి చేసుకుంటాం, మిగతావి ఇన్‌కా ఇస్తుంది అని.

వద్దన్న వాళ్ల వాదనలో బలముంది. ఎంతకాలం పక్కవాడి పాతబండ్ల మీద బతుకుతారు, సొంత ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఇవ్వకపోతే అది ఎప్పటికి నేర్చుకుంటుంది? ఈ217 కూడా 205 లాంటి గట్టి పిండం కాదు, 209 తర్వాతి తరంది, తేలిక శరీరం, తక్కువ ఆయుష్షు లెక్కతో చేసింది. 1990ల్లో తయారైన ఆ బండ్లు జకార్తాలో ఇంకో ఇరవై ఏళ్లు మోస్తాయా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ సొంత తయారీ అనే మంచి నిర్ణయం పదేళ్ల ముందు తీసుకుని ఉండాల్సింది. కొత్త రైలు ఆర్డరు పెట్టిన రోజు నుంచి చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, పాత రైలు పక్కన పెట్టే తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చే పని ప్రయాణికుల వెన్నెముక మీద పడింది. 2024లో జకార్తా లోకల్ రైళ్లలో దాదాపు 33 కోట్ల ప్రయాణాలు జరిగాయి, రోజుకు సుమారు 9 లక్షలు. రద్దీ వేళల్లో తమ పరిస్థితిని చెప్పడానికి అక్కడి వాళ్లు పెపెస్ అన్న మాట వాడతారు, అరటాకులో బిగించి చుట్టి ఆవిరి మీద ఉడికించే చేప అది. మంగరాయ్‌లో పొద్దున ఏడున్నరకు రైలు మారే ఉద్యోగినికి ఆ చేప బాధ మాటవరసకు చెప్పేది కాదు.

దిగుమతి ఆర్డరు చివరికి 2024 జనవరిలో చైనా కంపెనీ సీఆర్‌ఆర్‌సీకి దక్కింది, తర్వాత దాన్ని పెంచారు. జపాన్‌తో ఇన్నేళ్ల బంధం ఉండి కూడా ధర దగ్గర, గడువు దగ్గర అటువైపు మొగ్గారు. ఆ రైళ్లు 2025 జనవరి చివర్లో తాంజుంగ్ ప్రియోక్‌లో దిగాయి, ఏడాది మధ్యలో జనాన్ని ఎక్కించుకున్నాయి. ఇన్‌కాకు 16 రైళ్ల ఆర్డరు వెళ్లింది. షెడ్డుకు మాత్రం పాత కష్టం మళ్లీ మొదలైంది, ఒకే రకం బండ్లకు అలవాటుపడిన చేతులు ఇప్పుడు చైనా పద్ధతి, ఇన్‌కా పద్ధతి, జపాన్ పద్ధతి మూడూ నేర్చుకోవాలి. సీఆర్‌ఆర్‌సీ కానీ ఇన్‌కా కానీ రేపు మనుషులను, ముక్కలను ఎంత కాలం, ఎంత నమ్మకంగా పంపుతారన్న దాని మీదే ఈ కొత్త రైళ్లు హోలెక్ దారి పడతాయా, 205 దారి పడతాయా అన్నది ఉంటుంది.

జకార్తా అడిగి తెచ్చుకోలేకపోయిన ఈ217 బండ్లు జపాన్‌లో 2025 మార్చిలో చివరిసారి తిరిగి తుక్కుకు వెళ్లాయి. వాటి కంటే వయసులో పెద్దదైన 205 మాత్రం ఇంకా బోగోర్ దారిలో పరిగెడుతోంది. దాని ముందుతరం వాళ్లు జకార్తాకు తూర్పున చికౌమ్ స్టేషన్ పక్కన గడ్డిలో వరసగా నిలబడి ఉన్నారు, చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలు కాబట్టి తుప్పు లేదు, అద్దాలు లేవు, పనికొచ్చే ముక్కలు ముందే ఊడదీశారు. పుర్వకర్తలో అయితే పాత ఎకానమీ బోగీలను చోటు చాలక ఒకదాని మీద ఒకటి పేర్చారు. రెండోసారి రిటైరైన రైలును తీసుకెళ్లడానికి మూడో దేశం ఏదీ రాదు, దాన్ని కోసి, కరిగించి, లోపల ఏమున్నా చూసుకునే ఖర్చు చివరగా కొన్నవాడిదే. టోక్యోలో బండి అమ్మేటప్పుడు వేసిన లెక్కలో ఆ ఖర్చు లేదు, జకార్తాలో కొనేటప్పుడు వేసిన లెక్కలోనూ లేదు.